అరవై అంగుళాలు

షార్జా, రోలా వెనక సందు.
పదిహేడేళ్ళుగా నా మెడలో ఒకటే హారం,
పసుప్పచ్చ టేపు.
అంకెలు సగం చెరిగిపోయాయి,
వేళ్ళకు మాత్రం తెలుసు.

ఎవరి గుట్టయినా నడుము దగ్గరే ఉంటుంది.
టేపు చుట్టగానే ఊపిరి బిగబడతారు.
స్కూలు టీచరు శోశమ్మ కళ్ళు మూసుకుంటుంది.
ఉమ్ సుల్తాన్ చెవులు మూసుకుంటుంది, "ఖలాస్, నాకు చెప్పకు."
చెప్పను.
పుస్తకంలో అసలు కొలత రాసుకుని
పైకి రెండంగుళాలు తగ్గించి చదువుతాను.
శుక్రవారం చర్చిలో మోకరించినప్పుడు
ఈ అబద్ధాన్ని లెక్కలో వేయను.

నా రవికె మాత్రం
పాత రవికెను చూసి కత్తిరించుకుంటాను.
దాన్ని అంతకుముందుదాన్ని చూసి.
అలా వెనక్కి పోతే
ముప్పై నాలుగేళ్ళప్పుడు రాజోలులో
ఎవరో తీసిన కొలత దొరుకుతుంది.
పక్కకుట్లు విప్పుకుంటూ విప్పుకుంటూ
ఇంకా అందులోనే ఉన్నాను.

కడప ఖుర్షీద్ బీకి అరవై మూడు.
అరబ్బీల ఇంట్లో వంట.
మోకాళ్ళు మడతపడక
నమాజు కుర్చీలో చేస్తోంది.
డాక్టరు నడవమన్నాడట, నీళ్ళల్లో.
"సోమారం బీచంతా ఆడోళ్ళదేమే సువార్తమ్మా,
మగపురుగు ఉండదు. మా ఇంటోళ్ళు లేసేది పదింటికి.
నువ్వూ రా. ఇద్దరికీ నీళ్ళబట్టలు కుట్టు."

భయమేసింది. నీళ్ళంటే కాదు,
గోదారి పాయలో మునిగి పెరిగినదాన్ని.
తడిసిన బట్ట అబద్ధమాడదు,
రెండంగుళాలు తగ్గించి చదవదు.
ఆపరేషన్ గాటు మీద వేలాడే పొట్ట,
జబ్బల కింద ఊగే తోలు.
వీడియో కాల్‌లో కూతురు
"ఫోను దగ్గరగా పెట్టుకో అమ్మా, మొహమే కనపడాలి" అంటే
హమ్మయ్య అనుకునేదాన్ని.
మిషను తొక్కి తొక్కి రాయిలా గట్టిపడ్డ పిక్కలున్నాయి గానీ
వాటిని చూసిందెవరు?

అబాయాలకు పోగా మిగిలిన నల్లగుడ్డ,
తడిసినా ఒంటికి అంటుకోనిది, ఏరి పెట్టాను.
ఆమెది కొలిచాను. నాది అందాజుగా
కత్తెర పెట్టబోతుంటే
మెడలోంచి టేపు లాక్కుంది.
"నిలబడు."
ఖుర్షీద్‌కి చదువు రాదు, అంకె తెలీదు.
నా నడుం చుట్టూ తిప్పి
కొస వచ్చి కలిసినచోట గోటితో నొక్కిపట్టి
మిగిలింది కొలిచి చూసి
"ఇంకా జానా బెత్తెడు ఉండాదిలే" అంది.
ఊపిరి బిగబట్టడం మరిచిపోయాను.

సోమవారం పదింటికి కొట్టు తీస్తానని
తలుపుకు కాగితం అంటించి బయల్దేరాను.
ఎండ ఇంకా పదునెక్కలేదు.
ఇద్దరు ఫిలిప్పీన్ పిల్లలు, చుట్ట కాలుస్తున్నట్టు
నోట్లో మిస్వాక్ పెట్టుకున్న సూడాన్ ముసలామె,
ఒక రొమ్ము తీసేసిన వైపు చదునుగా
వెల్లకిలా తేలుతున్న ఒకావిడ.
ఎవరూ తల తిప్పి చూడలేదు.

ఈదలేదు మేం. నడిచాం,
నడుంలోతులో, రాళ్ళగట్టు దాకా, మళ్ళీ ఇటు.
నీళ్ళను నెట్టేకొద్దీ తొడలు మండాయి.
మూడో విడతకి ఖుర్షీద్ నా మోచెయ్యి పట్టుకుని
మెల్లగా, మెల్లగా,
అలలో గొంతుక్కూచుంది.
గడ్డం దాకా నీళ్ళు. కళ్ళనిండా ఆశ్చర్యం.
"చూడుమే, వంగుతాంది!"

నా నల్లబట్ట గాలిపోసుకుని
చుట్టూ గొడుగులా విచ్చుకుంది.
అణచుకుందామంటే చేతులు ఖాళీ లేవు,
ఆమెను పట్టుకుని ఉన్నాను.

సాయంత్రం తీగమీద ఆరిన బట్టకు
నడుం దగ్గర తెల్లగా ఉప్పుగీత.
సముద్రం కొలత తీసింది, అంకె వేయలేదు.
ఉతుకుదామని బకెట్టు నింపి
ఆ నీళ్ళు మొక్కకు పోసేశాను.

రేపు శోశమ్మ వస్తుంది.
కళ్ళు మూసుకుని నిలబడుతుంది.
ఏం చదవాలో
ఇంకా తేల్చుకోలేదు.